ఏడో రోజు ఆకాశం

ఆ ఎండాకాలం మా ఇంట్లో అనుమానం ముందు అక్కకి వచ్చింది. నాకు తర్వాత వచ్చింది. అక్కది రెండు నెలల్లో తేలిపోయింది. నాది ఇంకా పూర్తిగా పోలేదు.

బావ అప్పుడు దక్షిణ ధ్రువం దగ్గర ఉన్నాడు. మనకి ఎండాకాలమైతే అక్కడ చలికాలం. చలికాలంలో పధ్నాలుగు మంది మాత్రమే మిగిలే స్టేషన్ అది. చివరి ఓడ వెళ్లిపోయాక ఎనిమిది నెలలు ఎవరూ రారు, ఎవరూ పోరు. బావకి అది నాలుగో చలికాలం. స్టేషన్ తలుపు నుంచి నూట యాభై అంగల దూరంలో ఒక చెక్క గది, దాని కప్పు మీద గాజు బుడగ, బుడగ కింద ఆకాశం మొత్తాన్ని ఒకేసారి చూసే కెమెరా. నిమిషానికో ఫోటో తీస్తుంది. గాజు మీద మంచు పేరుకుంటుంది కాబట్టి రోజుకి మూడుసార్లు వెళ్లి బ్రష్షుతో దులపాలి. ఆ పనికి యంత్రం లేదు, మనిషే పోవాలి. ఆ మనిషి బావ.

ఆ ఫోటోలు వచ్చి చేరే ఆఫీసులో నేను పనిచేసేదాన్ని. వాటిలో నేను వెతికేది గాలి అలలు. కొండకి కొట్టుకున్న గాలి పైకి లేస్తుంది, తన బరువుకి తానే కిందికి జారుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ ఊపు పైపైకి పాకిపోతుంది. పైన గాలి పల్చబడేకొద్దీ అల పెద్దదవుతుంది. ఎనభై తొంభై కిలోమీటర్ల ఎత్తున గాలికి దానిదంటూ ఒక సన్నని వెలుగు ఉంది. కంటికి ఆనదు, కెమెరాకి ఆనుతుంది. ఆ వెలుగులో అలలు చారలు చారలుగా కదులుతాయి, దులిపిన దుప్పటి మీద ముడతలు పరుగెత్తినట్టు. అవి ఎక్కడ విరిగిపడతాయో తెలిస్తే పై గాలులు ఎటు మళ్లుతాయో తెలుస్తుంది. చీకటి ఉంటేనే కనిపిస్తాయి. అక్కడ ఆ నెలల్లో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే.

నాకు ఈ పని నేర్పింది బావే. మొదటి రోజే చెప్పాడు: “గడియారాన్ని నమ్మకు మరదలా. అది ఆగొచ్చు, తప్పు తిరగొచ్చు. నక్షత్రాలని నమ్ము. వాటికి సెలవుల్లేవు.”

నేను అక్కావాళ్ల ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేదాన్ని. అక్క డ్రైవింగ్ నేర్పుతుంది. తన కాలి కింద ఇంకో బ్రేకు ఉన్న కారులో, రోజంతా కొత్తవాళ్ల పక్కన కూర్చుంటుంది. ఇంజిన్ చప్పుడు వినే, ఏ గేరులో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు.

ఒక ఆదివారం పొద్దున్న బావతో మాట్లాడి ఫోన్ పెట్టేసి అక్క అక్కడే నిలబడిపోయింది. టీ చల్లారిపోతోందని నేనే పిలిచాను.

“ఫోన్ మళ్లీ ఆవిడే ఎత్తింది,” అంది.

“ఎవరు?”

“అక్కడి డాక్టరమ్మ. ఈ వారంలో మూడోసారి. ‘ఒక్క నిమిషమండీ, ఇక్కడే ఉన్నారు’ అంటుంది. ఇక్కడే అంటే ఎక్కడే?”

“పధ్నాలుగు మంది, నాలుగు గదులు. ఎక్కడున్నా ఇక్కడే అవుతుంది అక్కా.”

అక్క నవ్వలేదు. “వెనకాల ఈల వేసినట్టు ఒకటే గాలి. గోడలు ఊగుతున్న చప్పుడు కూడా వినబడింది. ఆయనేమో ఆకాశం అద్దంలా ఉంది, పని బ్రహ్మాండంగా సాగుతోంది అంటాడు. నేను చెవిటిదాన్నా?”

“లైనులో గోల అయ్యుంటుంది.”

“లైను గోల ఎలా ఉంటుందో, గాలి గోల ఎలా ఉంటుందో నాకు తెలీదా?” అని కప్పు తీసుకుంది. నా వంక చూడకుండా అడిగింది. “నీకు అక్కడి కాగితాలు రోజూ వస్తాయిగా. ఎవరు ఎప్పుడు బయటికెళ్లారో రాసే రిజిస్టరేదో ఉంటుందని చెప్పావు. ఒకసారి చూసిపెట్టవే.”

అలాంటి పని నేను చెయ్యను అన్నాను. మర్నాడు చేశాను.

తలుపు రిజిస్టరంటే పెద్ద విషయమేమీ కాదు. స్టేషన్ దాటి బయట కాలు పెట్టే ప్రతివాళ్లూ తలుపు పక్కనున్న పుస్తకంలో పేరు, వెళ్లిన టైము, తిరిగొచ్చిన టైము రాయాలి. రాసి తిరిగి రాకపోతే వెతకడానికి వెళ్తారు. దాని నకలు వారానికోసారి మాకు పంపుతారు. ఎవరూ చదవరు.

అందులో అంతవరకు రోజుకి మూడుసార్లు కనిపించిన బావ పేరు ఒక మంగళవారం నుంచి లేదు. ఆ తర్వాత పదకొండు రోజుల్లో ఒక్కరోజే ఉంది, ఏడో రోజు. దాని కిందే డాక్టరమ్మ పేరు. ఇద్దరూ ఒకే టైముకి వెళ్లారు, యాభై నిమిషాల తర్వాత ఒకే టైముకి వచ్చారు. పదకొండు రోజులు గడిచాక మళ్లీ రోజూ ఉంది, కానీ ప్రతిసారీ రెండు పేర్లే.

అక్కకి ఏం చెప్పాలా అని కాసేపు ఆలోచించాను. ఆ తర్వాతే అసలు సంగతి తట్టింది. పది రోజులు బావ బయటికే వెళ్లకపోతే, గాజు మీద మంచు ఎవరు దులిపారు?

ఆ పదకొండు రోజుల ఫోటోలూ కడిగిన అద్దంలా ఉన్నాయి. అలలు కూడా ఉన్నాయి, మంచివి. పెద్దసారు అంటే మా ఆఫీసు పెద్ద, అందులోంచి ఒకదాన్ని ఎంచి ఈసారి నివేదికకి అట్టమీద బొమ్మ అని గోడకి అంటించి పెట్టారు కూడా. “మీ బావది చెయ్యి కాదమ్మా, మంత్రం,” అన్నారు నాతో. నేను పొంగిపోయి టీ తాగాను ఆ రోజు.

వాతావరణం కాగితం తెప్పించుకున్నాను. అది రాసేది స్టేషన్లో వేరే మనిషి. అట్టమీది బొమ్మ తీసిన రోజుకి ఇలా రాసి ఉంది: ఎగిరే మంచు, చాచిన చెయ్యి కనపడదు.

ముందు ఆ వాతావరణం మనిషినే అనుమానించాను. తేదీ తప్పు వేశాడేమో. తర్వాత కెమెరా గడియారాన్ని. బావని అనుమానించడానికి ఇంకో రెండు గంటలు పట్టింది. తలుపు వేసుకుని, నక్షత్రాలు సరిచూశాను.

నక్షత్రాలు రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతాయి. ఫలానా రోజు, ఫలానా నిమిషానికి ఏ నక్షత్రం ఫోటోలో ఏ చోట ఉండాలో లెక్క వేస్తే వెంట్రుకవాసి తేడా రాదు. అట్టమీది బొమ్మలో అవి దాదాపు రెండు గంటలు వెనకబడి ఉన్నాయి. రెండు గంటలంటే ఇరవై ఎనిమిది రోజులు. నెల కిందటి ఫోటోలు తెరిచాను. అదే గంట, అదే నిమిషం. అవే అలలు. ఒక మూల రాలిపోతున్న ఉల్క గీసిన గీత కూడా అదే. ఒకే ఉల్క రెండుసార్లు రాలదు.

పది రోజులవీ అంతే. తేదీ మార్చారు, గంట మార్చలేదు. ఏడో రోజువి మాత్రం నక్షత్రాలతో సరిపోయాయి.

సాయంత్రం ఇంటికెళ్తే అక్క గేటు దగ్గరే పట్టుకుంది. “చూశావా?”

“ఏం లేదు అక్కా. అంతా మామూలే.”

అక్క నా మొహంలోకి చూసింది. “బ్రేకు మీద కాలు పెట్టి, పెట్టలేదనే వాళ్లని రోజుకి ఎనిమిది మందిని చూస్తానే నేను. మీ బావా నువ్వూ ఒకటే. ఎప్పుడూ అంతే.”

ఆ వారం మేమిద్దరం పొడిపొడిగా మాట్లాడుకున్నాం. ఫోన్ మోగితే ముందు నేను ఎత్తకుండా అక్క, అక్క ఎత్తకుండా నేను చూసేవాళ్లం. పెద్దసారు ఆ బొమ్మ చూపించి పొరుగూరి నుంచి వచ్చిన వాళ్లకి ఉపన్యాసం ఇస్తుంటే గది వెనకాల కూర్చుని, ఈయనకి తెలుసా తెలీదా, తెలిసే ఊరుకున్నారా అని ఆయన చేతులనే చూస్తూ ఉండిపోయాను. బావ పాత ఫోటోలని కొత్తవంటూ పంపి పేరు కొట్టేస్తున్నాడనిపించింది. ఆవిడతో తిరగడానికి పని ఎగ్గొట్టి ఇలా కప్పెడుతున్నాడనీ అనిపించింది. నాలుగేళ్లు నేను రాసిన ప్రతి కాగితం కిందా బావ ఫోటోలే ఉన్నాయి. పాతవన్నీ తీసి నక్షత్రాలు సరిచూడ్డం మొదలుపెట్టాను. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఆపలేకపోయాను.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ నుంచి స్టేషన్‌కి చేశాను. ఆ ఫోన్లో మాట వెళ్లి జవాబు రావడానికి కొంచెం వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో ఎవరైనా దొంగలాగే అనిపిస్తారు.

“బావా, పోయిన నెల పదకొండు రోజులు. నక్షత్రాలు రెండు గంటలు వెనకున్నాయి.”

వ్యవధి అయిపోయింది. ఇంకా జవాబు రాలేదు.

“బావా?”

“ఉన్నా,” అన్నాడు. “ఏడో రోజుది సరిపోయిందా?”

“అదొక్కటే సరిపోయింది.”

“హమ్మయ్య.”

నాకు ఒళ్లు మండింది. “హమ్మయ్య ఏంటి? ఏం జరిగిందో చెప్తావా, లేదా?”

చెప్పాడు. మెల్లగా, ఎవరో వేరేవాళ్ల గురించి చెప్తున్నట్టు. ఆ సోమవారం కెమెరా గది నుంచి వస్తుంటే మంచుగాలి లేచింది. స్టేషన్ దాకా కట్టిన తాడు మధ్యలో మంచు కింద పూడిపోయింది. తాడు వదిలి, తలుపు ఎదురుగానే ఉందనుకుని నడిచాడు. నూట యాభై అంగలకి రెండు గంటలు పట్టింది. చివరికి చేతికి గోడ తగిలింది. తలుపుకి పది అంగల దూరంలో గుండ్రంగా పాకుతూ ఉన్నాడట అంతసేపూ.

“మర్నాడు మామూలుగానే లేచా. బూట్లేసుకున్నా. తలుపు గొళ్లెం మీద చెయ్యేశా. అది నా చెయ్యిలా లేదు మరదలా. తియ్యదు. అరగంట నిలబడి బూట్లు విప్పేశా. ఖాళీ ఫోటోలు పంపితే మీరు ఫోన్ చేసి ఏమైందని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఈ ఒక్కరోజుకే కదా అని పాతవి పెట్టా. రెండో రోజూ అంతే అయింది.”

“డాక్టరమ్మ?”

“ఆవిడే కనిపెట్టింది. తలుపు దగ్గర నన్ను చూసి. ఏడో రోజు ఇద్దరి నడుములకీ ఒకే తాడు కట్టి, ‘పదండి’ అంది. ఆవిడ ముందు, నేను వెనక. గాజు దులిపి లోపలికొచ్చి తెర మీద చూస్తే…” గొంతు మారింది. “ఈ చివర నుంచి ఆ చివరికి అలలు. వాటికి అడ్డంగా ఇంకో వరస. ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ పోతున్నాయి. నాలుగు చలికాలాల్లో అలాంటిది చూళ్లేదు. ఇక భయం పోయిందనుకున్నా. ఎనిమిదో రోజు మళ్లీ చెయ్యి రాలేదు.”

నేను అడగాల్సింది ఒకటి మిగిలింది. “గంటలు కూడా రెండు వెనక్కి జరిపితే నక్షత్రాలు సరిపోయేవి. నీకు తెలీదా?”

“తెలుసు.”

“మరి?”

మళ్లీ ఆ వ్యవధి. “అంత ఓపిక లేకపోయిందనుకో.”

“అంతేనా?”

“ఏమో. నువ్వు చూస్తావులే అనుకున్నానేమో.” తర్వాత గబగబా అన్నాడు. “పెద్దసారుకి నేనే రాస్తా. రేపటికల్లా రాస్తా. నువ్వేం చెప్పకు. మీ అక్కకి అసలు చెప్పకు. భయపడ్డానని తనకి తెలియకూడదు.”

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాను. రేపటికల్లా రాస్తానన్న మనిషి, ఒక్కరోజుకే అనుకుని పది రోజులు అబద్ధం పెట్టాడు. రాయడనిపించింది. రాయకపోతే, నాకు తెలిసి కూడా దాచానని నా మీదికి వస్తుంది. ఇవన్నీ చక్కగా ఆలోచించుకుని, ఆ సాయంత్రమే పెద్దసారు గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను.

ఆయన గోడ మీది బొమ్మ తీసి బల్ల మీద బోర్లా పెట్టారు. మర్నాడు పొద్దున్న నన్ను పిలిచి ఒక కాగితం చూపించారు. బావ ఉత్తరం. రెండు పేజీలు. ఏదీ దాచలేదు, ఎవరినీ అడ్డం పెట్టుకోలేదు. కింద పంపిన టైము ఉంది. నేను ఆయన గదిలోకి వెళ్లిన నలభై నిమిషాల తర్వాత.

“నువ్వు చెప్పక ముందు ఇది నా చేతికొచ్చి ఉంటే వేరుగా ఉండేది,” అన్నారు. “ఇప్పుడిది పట్టుబడ్డాక రాసిన ఉత్తరం. పదకొండు రోజులూ నివేదికలోంచి తీసెయ్.”

“ఏడో రోజుది నిజం సార్. నేనే సరిచూశాను.”

“పది దొంగవాటి మధ్య దొరికిన ఒక నిజాన్ని పట్టుకుని నేను ఎవరి ముందు నిలబడాలి? అడ్డదిడ్డంగా ఒకదాన్ని ఒకటి కోసుకునే అలలు! ఎవరూ చూడనివి! సరిగ్గా ఆ వారంలోనేనా? నేనైతే నమ్మను. నివేదిక చదివేవాళ్లూ నమ్మరు.” కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మంచి ఫోటోయేనమ్మా. తీసెయ్.”

నా చేత్తోనే తీసేశాను. బావని ఇక ధ్రువానికి పంపకూడదని కూడా ఆ వారమే రాసేసుకున్నారు.

అక్కకి చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి బావ బట్టలన్నీ బీరువాలోంచి తీసి, మడతపెట్టి, అట్టపెట్టెల్లో సర్దుతోంది. కోపంగా కాదు. ఇల్లు మారేవాళ్లు సర్దినట్టు, ఒక వరసలో.

“ఏంటక్కా ఇది?”

“వచ్చాక ఎక్కడ ఉండాలనుకుంటే అక్కడ ఉండమను. నాకు ముసుగులో గుద్దులాటలొద్దు. ఆవిడ పేరు, ఆయన పేరు పక్కపక్కనే ఉన్నాయి కదా ఆ పుస్తకంలో? నీ మొహం చూస్తేనే తెలిసింది ఆ రోజు.”

ఇక దాచలేకపోయాను. మంచం అంచున కూర్చుని అంతా చెప్పాను. తాడు, గొళ్లెం, పాకిన రెండు గంటలు, నడుములకి కట్టుకున్న తాడు. చెప్పేటప్పుడు అక్క మొహం తేటపడుతుందనుకున్నాను. పడలేదు. చేతిలో చొక్కా పట్టుకుని అలాగే నిలబడింది.

“భయమేసిందా ఆయనకి?”

“అవును.”

“ఆవిడకి చెప్పాడు.”

“చెప్పలేదక్కా, ఆవిడే చూసింది.”

“నాతో వారానికి మూడుసార్లు ఫోన్లో మాట్లాడాడే. అద్దంలా ఉంది, బ్రహ్మాండంగా ఉంది.” చొక్కాని మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది. “రోజంతా నేను కూర్చునేది భయపడేవాళ్ల పక్కనే కదే. చెమటలు పట్టేవాళ్లు, ఏడ్చేవాళ్లు, దారి మధ్యలో దిగి పారిపోయేవాళ్లు. ఒక్కరినైనా చులకనగా చూశానా? నాకు చెప్పడానికేం?”

ఆ పెట్టెలు చాలా రోజులు అక్కడే ఉన్నాయి. అక్క వాటిని విప్పలేదు, బయటా పెట్టలేదు.

ఎండలు తగ్గి, మా ఊళ్లో వానలు కూడా వెనకబట్టాక ఓడ వచ్చింది. బావ చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది. రేవులో నన్ను చూసి చెయ్యి ఊపాడు, అక్కని చూసి తల దించుకున్నాడు. అక్క సంచీ అందుకుని కారు వెనక పెట్టి, “ఎక్కండి,” అంది. ఇంటి ముందు బండి ఆపి, స్టీరింగు వదలకుండా, ముందుకే చూస్తూ అంది: “ఇంకోసారి అద్దంలా ఉందని చెప్పారంటే మర్యాదగా ఉండదు.”

“చెప్పను,” అన్నాడు బావ.

చీకటి పడితే ఆయన గడప దాటలేకపోయేవాడు. పెరట్లో బట్టలు తేవాలన్నా తలుపు దగ్గర ఆగిపోయేవాడు. అక్క దాన్ని పాఠంలా పెట్టుకుంది. సందెవేళ పని నుంచి రాగానే, “ఇవాళ గేటు దాకా,” అనేది. నాలుగు రోజుల తర్వాత, “ఇవాళ మందుల కొట్టు దాకా.” పక్కన నడిచేది, చెయ్యి పట్టుకునేది కాదు. మధ్యలో ఆయన ఆగిపోతే తనూ ఆగేది. తిట్టేది కాదు, పొగిడేది కాదు. ఒకరోజు చూస్తే గదిలో పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. ఎప్పుడు విప్పిందో ఏమో.

బావ కెమెరాలు బాగుచేసే వర్క్‌షాపులో చేరాడు. నాతో బాగానే ఉండేవాడు, నవ్వేవాడు, మరదలా అనేవాడు. అదే నాకు తట్టుకోవడం కష్టమయ్యేది. ఉత్తరం కంటే ముందు నేనే చెప్పేశానని ఆయనకి తెలుసో లేదో, తెలిసీ ఊరుకున్నాడో అని రోజూ ఆయన మొహంలో వెతుక్కునేదాన్ని.

ఒక సాయంత్రం అక్క ఇంకా రాలేదు. “నువ్వు వస్తావా? మందుల కొట్టు దాటి మలుపు దాకా ఇవాళ,” అన్నాడు. ఇద్దరం నడిచాం. కొట్ల ముందు దీపాలు వెలుగుతున్నాయి.

“బావా, నేను ఒక్కరోజు ఆగాల్సింది,” అన్నాను. “నువ్వు రాస్తానన్నావు. నేను నమ్మలేదు. ముందే వెళ్లి చెప్పేశాను. నీ ఉత్తరం నలభై నిమిషాలకి వచ్చింది.”

“తెలుసు. పెద్దసారు చెప్పాడు.” కాసేపు నడిచాడు. “నేనైనా అదే చేసేవాణ్ణేమో. పది రోజులు అబద్ధమాడిన వాడి మాట కదా.”

మలుపు దగ్గర నిలబడ్డాం. అక్కడి నుంచి వీధి దీపాలు లేవు.

“ఆ ఏడో రోజుది,” అన్నాడు. “ఎవరూ నమ్మకపోతే పోయింది. నువ్వు నమ్ముతున్నావా?”

“నమ్ముతున్నా.”

“నక్షత్రాలు సరిచూశావా?”

“చూశా.”

“ఎన్నిసార్లు?”

ఒక్కసారే అని చెబుదామని నోటి దాకా వచ్చింది. “ఐదుసార్లు,” అన్నాను. “పోయిన వారం కూడా.”

బావ చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వులో ఏముందో నాకు అంతుపట్టలేదు. “మంచి పని చేశావు,” అన్నాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇంటి గేటు కనపడేదాకా వదల్లేదు.